లెర్నింగ్ ప్లాట్‌ఫామ్ వైకల్యం ఉన్న విద్యార్థులకూ అందాలంటే: ఆడిట్ రిపోర్టు చేతికొచ్చాక ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. యూనివర్సిటీలో మూడిల్ అనే కోర్సుల సాఫ్ట్‌వేర్ మీద నడిచే ఆన్‌లైన్ లెర్నింగ్ ప్లాట్‌ఫామ్ బాధ్యత మీది. వైకల్యం ఉన్న విద్యార్థులకు అది ఎంతవరకు పనికొస్తోందో తేల్చమంటే ఆటోమేటిక్ టూల్‌తో ఆడిట్ చేయించారు. వేల లోపాల జాబితా వచ్చింది. చేతిలో ఉన్నది ఇద్దరు డెవలపర్లు, ఒక్క సెమిస్టర్ గడువు. ఈలోగా ఓ కంపెనీ వచ్చి, ఒక్క లైను కోడ్ అతికిస్తే సైటంతా దానంతటదే సరిపోతుందంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఆ లైను కొనాలా వద్దా?

రెండోదానికి ముందు జవాబు చెప్తాను, అది తేలిక కాబట్టి. కొనకండి. ఓవర్‌లే అని పిలిచే ఈ సరుకు పేజీ మూలన ఒక చిన్న బొమ్మ పెడుతుంది. నొక్కితే అక్షరాలు పెద్దవి చేస్తుంది, రంగులు మారుస్తుంది, చదివి వినిపిస్తుంది. చూపు లేని విద్యార్థుల దగ్గర తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ముందే ఉంటుంది, కంప్యూటర్ మొత్తాన్ని దానితోనే నడుపుతారు. చూపు తక్కువ ఉన్నవాళ్లు బ్రౌజర్ జూమ్ వాడుకుంటారు. ఓవర్‌లే వాళ్ల దగ్గర ఉన్నదాన్నే మళ్లీ ఇస్తుంది, చాలాసార్లు వాళ్ల స్క్రీన్ రీడర్‌కే అడ్డం పడుతుంది. అసలు అడ్డంకులు వేరే చోట ఉన్నాయి: స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు, క్యాప్షన్లు లేని వీడియోలు, మౌస్ లేకపోతే కదలని క్విజ్ ప్రశ్నలు. వాటి జోలికి ఆ లైను కోడ్ పోదు. తమ ఏఐ టూల్ ఏ వెబ్‌సైట్‌నైనా ప్రమాణాలకు తగ్గట్టు మార్చేస్తుందని ప్రచారం చేసుకున్న ఒక కంపెనీ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో చర్య తీసుకుని 10 లక్షల డాలర్లు కట్టించింది. ఓవర్‌లేకు పెట్టబోయే డబ్బుతో ఈ సెమిస్టర్ వీడియోల క్యాప్షన్లు సరిచేయించుకోండి, విద్యార్థులకు నిజంగా పనికొస్తుంది.

రిపోర్టును వరసలో చదవకండి

ఆటోమేటిక్ టూల్ పనికిమాలినదని నేను అనను. కానీ అది చూడగలిగింది తక్కువ. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ సర్వీస్ 2017లో కావాలనే 140కి పైగా అడ్డంకులు పెట్టి ఒక పేజీ తయారుచేసి, రకరకాల టూళ్లను దాని మీద వదిలింది. అన్నిటికన్నా మెరుగైన టూల్ నూటికి 40 పట్టుకుంది, అన్నిటికన్నా వెనకబడినది 13తో ఆగింది. బొమ్మకు ఆల్ట్ టెక్స్ట్, అంటే స్క్రీన్ రీడర్ చదివే వివరణ, ఉందో లేదో టూల్ చెప్పగలదు. ఆ ఆల్ట్ టెక్స్ట్‌లో ఉన్నది 'ఇమేజ్ 4 ఫైనల్' అయితే అది తప్పని చెప్పలేదు.

ఇంకో ఇబ్బంది, లెక్కలోనే మోసం ఉంటుంది. పై మెనూలో ఒక్క బటన్‌కు పేరు లేకపోతే అది ప్రతి పేజీలోనూ ఒక లోపంగా లెక్కకొస్తుంది, అంటే మూడు వేల పేజీలకు మూడు వేల లోపాలు. ఒక డెవలపర్ ఒక పూటలో అన్నిటినీ తీసేయగలడు. అసైన్‌మెంట్ సమర్పించే బటన్ కీబోర్డ్‌కు అందకపోవడం మాత్రం ఒకే ఒక్క వరస. ఆ వరస వల్ల ఎవరో ఒకరు కోర్సు తప్పుతారు. కాబట్టి లోపాల సంఖ్య తగ్గించడం లక్ష్యంగా పెట్టుకుంటే తప్పు చోట పనిచేస్తారు.

నా పద్ధతి వేరు. ఒక విద్యార్థి సెమిస్టర్ మొత్తంలో ప్లాట్‌ఫామ్ మీద చేసే పనులు రాసుకుంటాను: లాగిన్ కావడం, ఈ వారం పాఠం ఎక్కడుందో పట్టుకోవడం, చదవడం, వీడియో చూడడం, చర్చలో ప్రశ్న అడగడం, అసైన్‌మెంట్ సమర్పించడం, పరీక్ష రాయడం, మార్కులూ అధ్యాపకుల వ్యాఖ్యలూ చూసుకోవడం. ఈ ఎనిమిదింటినీ నాలుగు రకాలుగా చేసి చూడాలి. మౌస్ తీసేసి కీబోర్డ్‌తో మాత్రమే, స్క్రీన్ ఆపేసి స్క్రీన్ రీడర్‌తో, జూమ్ 400 శాతం పెట్టి, శబ్దం పూర్తిగా ఆపి. ప్రతిదానికీ ఒకటే ప్రశ్న వేసుకోండి. ఈ పని ఇంకొకరి సాయం అడగకుండా పూర్తవుతుందా? 'పక్కవాళ్లని అడిగితే చెప్తారు కదా' అన్న చోటల్లా ప్లాట్‌ఫామ్ తప్పినట్టే లెక్క.

కీబోర్డ్ పరీక్షకు ప్రత్యేక విద్య అక్కర్లేదు, ఈ రోజే చేయొచ్చు. ట్యాబ్ కీ నొక్కుతూ పోండి. ఎక్కడున్నారో తెరమీద కనిపిస్తోందా? చాలా థీముల్లో అందం కోసం ఫోకస్ చుట్టూ వచ్చే గీతను తీసేస్తారు, దాంతో కీబోర్డ్ వాడేవాళ్లకు తాము ఎక్కడున్నదీ తెలియదు. మెనూ ఎంటర్‌తో తెరుచుకుంటోందా? పాప్‌అప్ వస్తే ఎస్కేప్‌తో మూసుకుంటోందా, మూశాక ముందున్న చోటికే తిరిగి వస్తోందా, లేక పేజీ మొదట్లోకి విసిరేస్తోందా? ప్రతి పేజీలో నలభై మెనూ లింకులు దాటాకే పాఠం వస్తుంటే, నేరుగా పాఠంలోకి దూకే స్కిప్ లింక్ ఉందా?

స్క్రీన్ రీడర్‌కు ఎన్‌వీడీఏ వాడండి, ఉచితం. చూపు లేని ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు, మైకేల్ కరన్, జేమ్స్ టే, 2006లో మొదలుపెట్టారు. హెచ్ నొక్కితే తర్వాతి హెడింగ్‌కు, టీ నొక్కితే తర్వాతి టేబుల్‌కు, ఎఫ్ నొక్కితే తర్వాతి ఫారం గడికి వెళ్తుంది. ఇన్సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే పేజీలోని లింకులన్నీ జాబితాగా వస్తాయి. వెబ్ యాక్సెసిబిలిటీ మీద పనిచేసే వెబ్‌ఎయిమ్ సంస్థ స్క్రీన్ రీడర్ వాడకందార్లను అడుగుతూ చేసే సర్వేల్లో, పొడవైన పేజీలో కావలసింది వెతకడానికి ఎక్కువమంది చెప్పే మార్గం హెడింగులే. ఇప్పుడు మీ కోర్సు పేజీ తెరవండి. పద్నాలుగు వారాల పేర్లూ హెడింగులుగా కాక, బోల్డ్ చేసిన మామూలు వాక్యాలుగా ఉంటే హెచ్ కీకి దొరికేది ఏమీ ఉండదు. లింకుల జాబితాలో 'ఇక్కడ క్లిక్ చేయండి' అన్నది ముప్పైసార్లు వినిపిస్తే వాటిలో మూడో వారం నోట్స్ ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఫోన్‌లోనూ ఒకసారి చూడండి. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్ఓవర్ అనే స్క్రీన్ రీడర్లు ముందే ఉంటాయి, విద్యార్థుల్లో చాలామంది పాఠాలు చూసేది ఫోన్లోనే.

సాఫ్ట్‌వేర్ వైపు పని మీరనుకున్నంత లేదు

మూడిల్, క్యాన్వాస్ లాంటి లెర్నింగ్ సాఫ్ట్‌వేర్ల అసలు కోడ్‌లో ఈ పని ఏళ్ల తరబడి జరుగుతూనే ఉంది. చెడేది మనం పైన తొడిగినదాని వల్ల: సొంత థీమ్, ఎవరో ఎప్పుడో వేసిన ప్లగిన్లు, అప్‌గ్రేడ్ చేయని పాత వెర్షన్. టెస్ట్ సర్వర్ మీద మీ థీమ్ తీసేసి మూడిల్‌తో వచ్చే బూస్ట్ థీమ్ పెట్టి అవే పేజీలను మళ్లీ స్కాన్ చేయండి. మాయమైన లోపాలన్నీ మీ థీమువి. వాటిని ఒక చోట దిద్దితే అన్ని పేజీల్లోనూ పోతాయి. డెవలపర్లకు మొదటి నెల పని ఇదే.

కొలతలు డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణంలో ఉన్నాయి. 1999లో వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ మొదటి వెర్షన్ ఇచ్చింది, ఇప్పుడున్నది 2023 అక్టోబర్ నాటి 2.2. ఏ, ఏఏ, ఏఏఏ అని ఉన్న మూడు స్థాయుల్లో ఏఏ పెట్టుకోండి, ఏఏఏ సైటంతటికీ లక్ష్యంగా పెట్టుకోమని ఆ ప్రమాణమే చెప్పదు. మామూలు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1. నొక్కాల్సిన బటన్లు కనీసం 24×24 సీఎస్‌ఎస్ పిక్సెళ్లు. 320 పిక్సెళ్ల వెడల్పులో, అంటే 1280 వెడల్పు తెర మీద 400 శాతం జూమ్‌లో, వాక్యం చదవడానికి పక్కకి జరపాల్సి రాకూడదు. ఎరుపు అంటే గడువు దాటింది, ఆకుపచ్చ అంటే సమర్పించారు అని రంగుతోనే చెప్పకండి, పక్కన మాట కూడా రాయండి. ఇవి డెవలపర్లకు తెలిసిన విషయాలే, సాగదీయను.

డెవలపర్లకు ఒక్క హెచ్చరిక. ఏరియా (ARIA) అట్రిబ్యూట్లు, అంటే పేజీలోని ఏ భాగం ఏమిటో స్క్రీన్ రీడర్‌కు చెప్పే కోడ్ గుర్తులు, తగిలించి లోపాలను కప్పేయాలని అనిపిస్తుంది. హెచ్‌టీఎంఎల్‌లో అసలైన బటన్ ఉండగా డివ్‌ని (ఏ అర్థమూ లేని ఖాళీ పెట్టెను) బటన్‌లా నటింపజేయొద్దన్నది ఏరియా మొదటి నియమం. వెబ్‌ఎయిమ్ ఏటా పది లక్షల హోమ్ పేజీలను స్కాన్ చేస్తుంది. ఏరియా వాడిన పేజీల్లో, వాడని వాటికన్నా సగటున లోపాలు ఎక్కువ కనిపిస్తూ వస్తున్నాయి.

లాగిన్ మాత్రం మీరే కూర్చుని చూడండి. బొమ్మల్లో ట్రాఫిక్ లైట్లు ఏరమనే క్యాప్చా, పేస్ట్ చేయనివ్వని పాస్‌వర్డ్ గడి, అర నిమిషంలో ముగిసిపోయే ఓటీపీ: ఇక్కడే ఆగిపోయినవాళ్లకు మీరు లోపల చేసిన మంచి ఏదీ అందదు. గుర్తుంచుకోవడమో పజిల్ విప్పడమో తప్పనిసరి చేసే లాగిన్ ఉండకూడదని 2.2లో కొత్త నియమమే వచ్చింది. సెషన్ గడువు కూడా అంతే. మెల్లగా టైప్ చేసే విద్యార్థి రాసిన వ్యాసం సమర్పించేలోపు సెషన్ ముగిసి అంతా ఎగిరిపోవడం చాలా మామూలు ఫిర్యాదు. గడువు ముగిసే ముందు హెచ్చరించాలి, కనీసం 20 సెకన్లు ఇచ్చి ఒక్క నొక్కుతో పొడిగించుకోనివ్వాలి.

కొండంత పని: పాఠాలు

ప్లాట్‌ఫామ్ ఎంత చక్కగా దిద్దినా, ప్రతి వారం వందలాది అధ్యాపకులు అందులోకి ఎక్కించేది మీ చేతుల్లో లేదు. సమస్యలో పెద్ద భాగం అక్కడే ఉంది. కుళాయి బాగుచేస్తే సరిపోదు, ట్యాంకులోకి వచ్చే నీళ్లు కూడా చూడాలి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది స్కాన్ చేసిన పీడీఎఫ్. ఏ పుస్తకంలోంచో ముప్పై పేజీలు స్కాన్ చేసి ఎక్కిస్తారు. కంటికి అక్షరాలే, కంప్యూటర్‌కు మాత్రం ముప్పై ఫొటోలు. స్క్రీన్ రీడర్ మౌనంగా ఉండిపోతుంది. పరీక్ష తేలిక: అధ్యాపకులనే మౌస్‌తో ఒక వాక్యం సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయమనండి. సెలెక్ట్ కాకపోతే అది ఫొటో. పేస్ట్ అయినా రెండు కాలమ్‌ల వాక్యాలు కలగాపులగమైతే చదివే వరస తప్పిందని అర్థం. ఫొటోలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చే ఓసీఆర్ మొదటి ఇబ్బందిని తీరుస్తుంది, రెండోదానికి పీడీఎఫ్‌లో ట్యాగులు, అంటే హెడింగ్ ఏదో పేరా ఏదో వరస ఏదో చెప్పే గుర్తులు, ఉండాలి. వర్డ్‌లో హెడింగ్ స్టైళ్లు వాడి రాసి 'సేవ్ యాజ్ పీడీఎఫ్' అంటే ట్యాగులు వస్తాయి. అదే ఫైల్‌ను 'ప్రింట్ టు పీడీఎఫ్' అంటే పోతాయి. ఈ ఒక్క తేడా అధ్యాపకులందరికీ చెప్పగలిగితే మీరు ఈ ఏడాది చేసే శిక్షణ అంతటికన్నా ఎక్కువ ఫలితం ఉంటుంది. నన్నడిగితే అంతకన్నా ముందు వేయాల్సిన ప్రశ్న, అసలు పీడీఎఫ్ ఎందుకని. అచ్చు వేయని నోట్స్‌ను నేరుగా మూడిల్ పేజీగా పెడితే జూమ్, రంగులు, వరస అన్నీ దానంతటవే కుదురుతాయి.

తెలుగు పాఠాలకు ఇంకో తిరకాసు. పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసినవి తెర మీద తెలుగులా కనిపిస్తాయి, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. స్క్రీన్ రీడర్ వాటిని అర్థం లేని అక్షరాలుగా చదువుతుంది, వెతికితే ఏ మాటా దొరకదు. యూనికోడ్‌లోకి మార్చక తప్పదు, మార్చాక ఒకరు కూర్చుని ఒత్తులూ గుణింతాలూ సరిచూడకా తప్పదు. పేజీకి భాష తెలుగు అని హెచ్‌టీఎంఎల్‌లో చెప్పండి, మధ్యలో ఇంగ్లీషు పేరా వస్తే దానికీ చెప్పండి. అప్పుడే స్క్రీన్ రీడర్ గొంతు మార్చుకుంటుంది. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ గొంతుకు తెలుగు వచ్చు. తియ్యగా ఉండదు కానీ చదువుతుంది.

గణితం ఇంకా కష్టం. సమీకరణాన్ని బొమ్మగా పెడితే అది బొమ్మే. మూడిల్‌లో సమీకరణాలను చూపించే మ్యాథ్‌జాక్స్ ఉంటుంది, లేటెక్‌లో (సమీకరణాలను టైప్ చేసే సంకేతాల పద్ధతిలో) రాసింది దాని ద్వారా స్క్రీన్ రీడర్ చదవగలిగే మ్యాథ్‌ఎంఎల్ కోడ్ అవుతుంది. భిన్నంలో లవం ఏది, హారం ఏది, వర్గమూలం ఎక్కడ ముగిసింది అన్నది విద్యార్థి ముక్కముక్కగా వెళ్లి వినొచ్చు. లేటెక్‌తో తయారుచేసిన పాత పీడీఎఫ్‌లలో ఈ సౌకర్యం ఉండదు. అధ్యాపకుల దగ్గర మూల ఫైల్ ఉంటే పీడీఎఫ్‌తో పాటు అదీ ఇమ్మనండి. చూపు లేకుండా గణితం, భౌతికశాస్త్రం చదివేవాళ్లలో లేటెక్ మూలాన్నే చదువుకునేవాళ్లు ఉన్నారు.

బొమ్మలకు వివరణ రాయమంటే అధ్యాపకులు 'గ్రాఫ్' అని రాస్తారు. ఆ గ్రాఫ్ ఆ పాఠంలో ఎందుకుందో అదే రాయమనండి: 'ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ చర్య వేగం పెరిగి, ఒక స్థాయి దాటాక ఒక్కసారిగా పడిపోయింది.' ఈ వాక్యం డెవలపర్ రాయలేడు, ఏఐ రాసింది నమ్మలేం, పాఠం చెప్పేవాళ్లే రాయాలి. అలంకారానికి పెట్టిన బొమ్మలకు ఆల్ట్ ఖాళీగా వదిలేయాలి. లోగో గురించి ప్రతి పేజీలో వినడం విసుగు.

వీడియోల దగ్గరికొస్తే, ఆటోమేటిక్ క్యాప్షన్లు చిత్తుప్రతి మాత్రమే. మామూలు మాటలు సరిగ్గానే వస్తాయి. తప్పేది పారిభాషిక పదాలూ, పేర్లూ, అంకెలూ, 'కాదు' 'లేదు' లాంటి చిన్న మాటలూ. పాఠంలో అసలు విషయం ఉండేది సరిగ్గా వాటిలోనే. హార్వర్డ్, ఎంఐటీల మీద అమెరికా బధిరుల జాతీయ సంఘం 2015లో కోర్టుకెళ్లింది. ఆన్‌లైన్ వీడియోలకు క్యాప్షన్లు లేవనీ, ఉన్నవాటిలో చాలా తప్పులున్నాయనీ ఫిర్యాదు. 2019లో ఒకరు, 2020లో ఇంకొకరు ఒప్పందానికి వచ్చి క్యాప్షన్లు పెడతామన్నారు. మీరు అన్ని వీడియోలూ ఒకేసారి చేయలేరు కాబట్టి వరస పెట్టుకోండి. వినికిడి లోపం ఉన్న విద్యార్థి చేరిన కోర్సు మొదట, మొదటి తరగతికి ముందే. తర్వాత ఎక్కువమంది చదివే కోర్సులు. పాత ఏళ్ల రికార్డింగులు ఎవరైనా అడిగినప్పుడు, కానీ అడిగిన కొద్ది రోజుల్లోనే. ఇబ్బంది తప్పించుకోవడానికి పాతవన్నీ తీసేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ 2017లో 20,000కు పైగా ఆడియో, వీడియో పాఠాలను బయటివారికి అందకుండా చేసింది. ఎవరికీ మేలు జరగలేదు, వ్యవహారం 2022లో అమెరికా న్యాయశాఖతో ఒప్పందం దాకా వెళ్లింది.

సంకేత భాషే మొదటి భాషగా పెరిగిన విద్యార్థులకు క్యాప్షన్లు ఒక రకంగా రెండో భాషలో చదవడమే, ముఖ్యమైన పాఠాలకు సంకేత భాష కిటికీ పెట్టగలిగితే పెట్టండి. ట్రాన్స్‌క్రిప్ట్ వేరే ఫైల్‌గా ఇస్తే చూపు, వినికిడి రెండూ లేనివాళ్లు బ్రెయిలీ డిస్‌ప్లే మీద చదువుకుంటారు. చూపు లేనివాళ్ల కోసం ఆడియో వివరణ విడిగా చేయించడం ఖరీదు. దానికన్నా మేలైనది రికార్డింగ్‌లోనే అలవాటు మార్చడం. 'ఇది చూడండి, దీనికన్నా ఇది ఎక్కువ' అనకుండా 'నీలం గీత 60 దగ్గర ఆగింది, ఎరుపు గీత 90 దాకా వెళ్లింది' అంటే వేరే వివరణతో పని తగ్గిపోతుంది. పోడ్‌కాస్ట్‌లా వినే మిగతా విద్యార్థులకూ ఇదే నచ్చుతుంది.

పరీక్ష

సెమిస్టర్‌లో మీకు ఒక్క పని చేసే తీరికే ఉంటే ఇది చేయండి. పాఠం అందకపోతే స్నేహితుల దగ్గర తెచ్చుకుంటారు, పరీక్ష హాల్లో ఆ అవకాశం లేదు.

అదనపు సమయం మూడిల్‌లో యూజర్ ఓవర్‌రైడ్‌తో, అంటే ఒక్క విద్యార్థికి మాత్రం వేరే గడువు పెట్టే సెట్టింగ్‌తో, ఇస్తారు. సమస్య ఫీచర్‌లో లేదు, ఎవరు పెడతారన్న దాంట్లో ఉంది. ప్రతి విద్యార్థీ ప్రతి అధ్యాపకుడికీ ప్రతి క్విజ్‌కూ ఉత్తరం చూపించి అడుక్కోవాల్సి వస్తే, ఎక్కడో ఒక చోట మర్చిపోతారు. ఒకటిన్నర రెట్ల సమయం ఉన్నవాళ్లకు ఒక గ్రూప్, రెట్టింపు ఉన్నవాళ్లకు ఒక గ్రూప్ పెట్టి, గ్రూప్ ఓవర్‌రైడ్‌లను సెమిస్టర్ మొదట్లో కేంద్రంగా మీరే వేయండి. ఒకే విద్యార్థికి రెండూ ఉంటే యూజర్ ఓవర్‌రైడ్‌దే పైచేయి అవుతుందని గుర్తుంచుకోండి, అధ్యాపకులు మంచి ఉద్దేశంతో గడువు తేదీ మార్చి సమయం తగ్గించేసిన సందర్భాలు ఉంటాయి. గ్రూపు పేరులో వైకల్యం గురించి రాయొద్దు, తోటి విద్యార్థులకు కనిపించకుండా దాచండి.

కొందరికి కావలసింది అదనపు సమయం కాదు, విరామం. నొప్పి వచ్చి పది నిమిషాలు పడుకోవాల్సినవాళ్లు, షుగర్ చూసుకోవాల్సినవాళ్లు ఉంటారు. గడియారాన్ని మధ్యలో ఆపే ఏర్పాటు క్విజ్‌లో ఉండదు. పేపర్‌ను రెండు భాగాలుగా, రెండు క్విజ్‌లుగా చేస్తే మధ్యలో విరామం దొరుకుతుంది.

ప్రశ్నల రకాలు చూడండి. బొమ్మ మీదికి లాగి వదిలేవి, బొమ్మ మీద గుర్తు పెట్టేవి చూపు లేనివాళ్లు చేయలేరు, చేతులు వణికేవాళ్లకూ కష్టమే. అదే జ్ఞానాన్ని డ్రాప్‌డౌన్‌తో జతపరిచే ప్రశ్నగా అడగొచ్చు. ఇక అసలు చిక్కుముడి: 'బొమ్మలో బాణం గుర్తు పెట్టిన భాగం పేరేమిటి?' అన్న ప్రశ్నకు ఆల్ట్ టెక్స్ట్ ఏం రాస్తాం? పేరు రాస్తే జవాబు చెప్పేసినట్టు, రాయకపోతే ప్రశ్న లేనట్టు. ఇక్కడ సాంకేతిక పరిష్కారం వెతక్కండి. ఆ ప్రశ్న నిజంగా ఏం కొలుస్తోందో అధ్యాపకుల్ని అడగండి. ఆ భాగం పని తెలుసా అన్నదే కొలవాలనుకుంటే, దాని స్థానాన్నీ రూపాన్నీ మాటల్లో వర్ణించి పేరు అడగొచ్చు. సూక్ష్మదర్శిని కింద కంటితో గుర్తుపట్టడమే నేర్పుతున్న నైపుణ్యం అయితే సమానమైన వేరే ప్రశ్న ఇవ్వాలి. ఈ మాటలు పరీక్ష ముందు రోజు కాదు, ప్రశ్నల బ్యాంకు తయారయ్యేటప్పుడే జరగాలి.

రిమోట్ ప్రాక్టరింగ్, అంటే ఇంటి నుంచి పరీక్ష రాసేవాళ్లను సాఫ్ట్‌వేర్‌తో కనిపెట్టడం, గురించి నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. పరీక్ష తప్ప వేరేదేదీ తెరవనివ్వని లాక్‌డౌన్ బ్రౌజర్లు కొన్ని స్క్రీన్ రీడర్‌నే పరాయి ప్రోగ్రామ్‌గా చూసి ఆపేస్తాయి. కెమెరా ముందు కళ్లు తెర మీద నిలవని విద్యార్థి, ప్రశ్నను పెదాలు కదుపుతూ చదువుకునే విద్యార్థి, ఆపుకోలేని కదలికలున్న విద్యార్థి, అందరూ సాఫ్ట్‌వేర్ కంటికి అనుమానితులే. స్క్రీన్ రీడర్ గొంతును గదిలో రెండో మనిషిగా లెక్కేసే ప్రమాదమూ ఉంది. వీలైతే ఆ పద్ధతే మానుకోండి. మానలేకపోతే వేరే విధంగా పరీక్ష రాసే మార్గం ముందే ప్రకటించండి, అది అడిగినందుకు ఎవరూ సంజాయిషీ చెప్పుకోవాల్సిన అవసరం లేకుండా చూడండి.

మార్కులు లేని నమూనా పరీక్ష ఒకటి, అసలు పరీక్షలో వచ్చే అన్ని రకాల ప్రశ్నలతో, రెండు వారాల ముందు తెరిచి పెట్టండి. టైమర్ ప్రతి సెకనూ స్క్రీన్ రీడర్‌తో అంకెలు చదివించి ప్రశ్న వినిపించకుండా చేయడం లాంటివి అక్కడే బయటపడతాయి.

కంటికి కనిపించని ఇబ్బందులు

డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ, మానసిక అనారోగ్యం, దీర్ఘకాలిక నొప్పి ఉన్నవాళ్లలో చాలామంది ఎక్కడా నమోదు చేసుకోరు. అందుకే 'మాకున్నది నలుగురే' అన్న లెక్కను నమ్మి పని తగ్గించుకోకండి. వీళ్లకు కావలసింది ప్రత్యేక ఫాంట్ కాదు, క్రమం. ప్రతి కోర్సులో వారాల అమరిక ఒకేలా ఉండాలి, గడువులన్నీ ఒకే చోట ఉండాలి, మారితే అక్కడే మారాలి. వీడియో దానంతటది మొదలు కాకూడదు. సెకనుకు మూడుసార్లకు మించి మెరిసేదేదీ ఎక్కడా ఉండకూడదు, మూర్ఛ రావచ్చు.

కొనేటప్పుడే బేరం

ప్రచురణకర్తల క్విజ్‌లు, వర్చువల్ ల్యాబ్‌లు ఎల్‌టీఐ (బయటి టూళ్లను కలిపే పద్ధతి) ద్వారా మీ ప్లాట్‌ఫామ్‌లోకి వచ్చి కూర్చుంటాయి. వాటి కోడ్ మీరు దిద్దలేరు. కాబట్టి కొనే ముందే వీప్యాట్ (VPAT) నమూనాలో, అంటే ఏ యాక్సెసిబిలిటీ నియమాన్ని ఎంతవరకు పాటించారో చూపే పట్టికలో, నింపిన రిపోర్టు అడగండి. అది అమ్మేవాళ్లు తమ గురించి తాము రాసుకున్నదన్న సంగతి మరవకండి. అన్ని గడుల్లోనూ 'సపోర్ట్స్' అని ఉండి వ్యాఖ్యల గడి ఖాళీగా ఉంటే నేను దాన్ని పక్కన పడేస్తాను. ఫలానా చోట లోపం ఉంది, ఫలానా వెర్షన్‌లో దిద్దుతున్నాం అని రాసినవాళ్లతోనే మాట్లాడాలనిపిస్తుంది. డెమో రోజు మౌస్ పక్కన పెట్టి చూపించమనండి, పది నిమిషాల్లో తేలిపోతుంది. ఒప్పందంలో డబ్ల్యూసీఏజీ 2.2 ఏఏ, దిద్దడానికి గడువు, దిద్దకపోతే చెల్లింపు ఆపే షరతు రాయించండి. అధ్యాపకులు ఉచితమని ఎక్కడివో టూళ్లు తెచ్చి కలిపే దారి మూసేసి, పరీక్షించినవాటి జాబితా ఒకటి ఇవ్వండి.

మనుషులు

అధ్యాపకులకు రోజంతా వర్క్‌షాప్ పెడితే సాయంత్రానికి మరిచిపోతారు, వాళ్ల తప్పేం లేదు. దానికన్నా హెడింగులు ముందే ఉన్న కోర్సు టెంప్లేట్, స్లయిడ్ టెంప్లేట్, వర్డ్ టెంప్లేట్ చేసి ఇవ్వండి. మూడిల్ ఎడిటర్‌లో ఉన్న యాక్సెసిబిలిటీ చెకర్ బటన్ ఎక్కడుందో చూపించండి. స్కాన్ పీడీఎఫ్‌లు తెచ్చిస్తే మార్చిపెట్టే మనిషి ఒకరు లైబ్రరీలో ఉంటే సగం ఫిర్యాదులు పుట్టవు.

వైకల్యం ఉన్న విద్యార్థులతో పరీక్షింపజేయండి, కానీ ఉచితంగా కాదు. వాళ్ల సమయానికి డబ్బివ్వండి, వాళ్లు చెప్పినవాటిలో ఏది దిద్దారో తిరిగి చెప్పండి. రెండోసారి పిలిచినప్పుడు రాకపోవడానికి కారణం ఎక్కువగా ఈ రెండోది జరగకపోవడమే. ప్రతి పేజీ కింద 'ఇక్కడ ఇబ్బంది ఉందా, చెప్పండి' అనే లింకు ఉండాలి. అది ఎవరూ తెరవని మెయిల్ పెట్టెకు కాక, పేరున్న ఒక మనిషికి, రెండు పనిదినాల్లో జవాబిచ్చే బాధ్యతతో చేరాలి. ఇంకా దిద్దని లోపాలేవో, ఈలోగా ప్రత్యామ్నాయం ఏమిటో ఒక పేజీలో దాపరికం లేకుండా రాసి పెట్టండి.

మీ సెమిస్టర్‌కు నేను వేసే వరస ఇది. మొదటి రెండు వారాలు ఎనిమిది పనుల పరీక్ష, లాగిన్ అడ్డంకులు. వెంటనే డెవలపర్లు థీమ్ మీద, మీరు పరీక్షల సమయాలూ ప్రశ్నల రకాల మీద. మధ్యంతర పరీక్షల లోపు నమూనా పరీక్ష. టెంప్లేట్లు వచ్చే సెమిస్టర్ కోర్సులు తెరిచే నాటికి. క్యాప్షన్లు మొదటి రోజు నుంచి చివరిదాకా, పైన చెప్పిన వరసలో. పాత పత్రాలు అడిగినవారికి అడిగినట్టు.

ఇక మూడిల్ అప్‌గ్రేడ్ చేసే ప్రతిసారీ టెస్ట్ సర్వర్ మీద ఆ ఎనిమిది పనులూ కీబోర్డ్‌తో, ఎన్‌వీడీఏతో మళ్లీ చేయించండి. ఒక్కటి ఆగినా ఆ అప్‌గ్రేడ్ విడుదల వాయిదా పడాలని, ఆ అధికారం ఎవరిదో కూడా ఇప్పుడే రాతపూర్వకంగా తీసుకోండి. పరీక్షల ముందు వారం అడిగితే ఎవరూ ఇవ్వరు.